వంటింటి కిటికీ రంగు

మా ఇంట్ల వంట గిన్నెల కన్నా ఇంజన్ సామాన్లే ఎక్కువ ఉండేవి. కొత్తగ ఎవరన్న చుట్టాలు వస్తే, చెప్పులు విడిచే జాగల ఫ్యాన్ రెక్కలు, పుల్లీలు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలు చూసి, తప్పు గల్లీకి వచ్చినమేమో అని ఎనక్కి తిరిగేటోళ్లు. నాంపల్లి స్టేషన్ ఎనక గల్లీల కిరాయి ఇల్లు. ముందు వాకిలి, మీద డాబా. వాకిట్ల గీకేది, డాబా మీద ఆరబెట్టేది. నా కార్ఖానా మొత్తం గంతే.

మా ఆయన మెకానిక్. గల్లీ మొదట్ల ఆయన రేకుల షెడ్డు. ఆయన ఇంజన్ ఇప్పుతడు, ఇప్పిన సామాన్లు నా దగ్గరికి వస్తయి. జిడ్డు కడిగి, పాత రంగు తీసి, కొత్త రంగు వేసి పంపుడు నా పని. పెండ్లయిన కొత్తల ఆయన చేతికి సాయం అని మొదలుపెట్టిన. అది నా సొంత పని ఎప్పుడయ్యిందో నాకే తెల్వదు. అబిడ్స్ దిక్కు షెడ్డులోళ్లు సుత "గా అక్కకు ఇయ్యి, అద్దం లెక్క చేసి ఇస్తది" అని పంపుడు మొదలుపెట్టిన్రు. నేను మెదక్ దిక్కు నుంచి వచ్చిన దాన్ని. నా చదువు చర్చిల పాటల పుస్తకం కూడబలుక్కొని చదివేంతనే. కాని ఏ కవర్‌కు ఏ రంగు వేసిన్నో, ఏ మూత మీద ఎక్కడ సొట్ట ఉండెనో ఇప్పటికి చెప్త. మనుషుల పేర్లే మర్చిపోత. అందుకని ఈ ముచ్చట్ల ఎవ్వరి పేరు ఉండదు, ఎవ్వరు ఫికర్ చెయ్యకుండ్రి.

ఇప్పుడు మీ ఈడు పిల్లలు చానమంది ఇండ్లల్లనే ఇంజన్ సామాన్లకు రంగులు వేసుకుంటున్నరట. మా కోడలు ఫోన్ల చూపెట్టింది. ఒక పిలగాడు నల్ల గ్లౌజులు వేసుకొని, పాట పెట్టుకొని, టాపెట్ కవర్‌కు ఎర్ర రంగు కొడుతున్నడు. టాపెట్ కవర్ అంటే ఇంజన్ నెత్తి మీద టోపీ లెక్క కూసునే మూత. బానెట్ లేపంగనే ముందు కనపడేది అదే. పిలగాడు ముద్దొచ్చిండు, చెయ్యి సుత మంచిగనే ఉన్నది. కాని ఆఖరికి మూత బోర్లించి, లోపల సుత కొట్టిండు రంగు. నా పానం ఉసూరుమన్నది. గా తప్పు నాకు బాగ ఎరుక. గా తప్పు చేసిన ఒక పెద్దమనిషిని నేను ఎన్నడు చూడలే, ఆయన చేతి పనిని మాత్రం చూసిన. ఆ ముచ్చటే ఇది.

ముందుగాల పని ఎట్ల నడిచేదో జర చెప్పాలె. ఇనుప సామాన్లకు వాకిట్ల ఒక డ్రమ్ము ఉండె. నీళ్లల్ల కాస్టిక్ సోడా కలిపి, సామాను ముంచి, మూత పెట్టి మర్చిపోవాలె. తెల్లారి తీస్తే ఎన్ని పొరల రంగున్నా మీగడ లెక్క ఊడి వస్తది. అల్యూమినియం సామాన్లను మాత్రం గా డ్రమ్ముల ముంచొద్దు. కాస్టిక్ వాటిని తినేస్తది.

ఈ సంగతి నాకు మా వదిన వల్ల తెలిసింది. వదిన అంటే మా ఆయనకు అక్క. పక్క పోర్షన్ల ఉండేది. గాసునూనె, అంటే కిరోసిన్ తోటి సామాన్ల జిడ్డు కడుగుడు ఆమె వంతు. ఒకనాడు డ్రమ్ముల నీళ్లు తోడనీకి చేతికి అందిన గిన్నె తీసుకున్నది. గిన్నె జారి డ్రమ్ముల పడ్డది. "మళ్ల తీస్తలే" అని కూరగాయలకు పోయి, గాడ ఎవరో దొరికితే ముచ్చట్ల పడ్డది. వచ్చేసరికి డ్రమ్ము బుసబుస పొంగుతున్నది. గిన్నెను కట్టెతోటి తీస్తే, అది ఆమె అన్నం వండే అల్యూమినియం గిన్నె. అడుగు మొత్తం తూట్లు.

"ఏం కాదు వదినా, ఇగ గంజి వార్చే పని తప్పింది నీకు," అన్న నేను.

ఆ మాటకు ఆమె నాతోటి చాన దినాలు మాట్లాడలే. కాని గా దినం నుంచి నాకొక అలవాటయ్యింది. ఏ సామాను వచ్చినా, డ్రమ్ముల వేసే ముందు ఒక మూలకు బ్లేడు మొనతోటి చిన్నగ గీకి, కింద ఇనుమా, అల్యూమినియమా చూసుకునేదాన్ని. షెడ్డులోళ్లు నవ్వేటోళ్లు, "ఏందక్కా, ఇంజన్‌కు టీకా వేస్తున్నవా?" అని. నవ్వితే నవ్వనీ. అటు తర్వాత మా ఇంట్ల గిన్నె గాని, మూత గాని జల్లెడ కాలే.

ఆ అలవాటు వల్లనే ఈ కథ నడిచింది.

ఒకనాడు పొద్దుగాల మా ఆయన ఎనక ఒక పెద్దమ్మ వాకిట్లకు వచ్చింది. అరవై దాటినయి. సన్నగ, పొడుగ్గ ఉన్నది. నూలు చీర, భుజానికి బ్యాగు. టవల్‌ల చుట్టిన సామాను ఒకటి పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నది.

"ఈ మేడమ్ కారుది టాపెట్ కవర్," అన్నడు మా ఆయన. "నేను తెస్తా అంటే చేతికి ఇస్తలేదు. ఇంజన్ ఏమో షెడ్డుల నెత్తి ఇప్పుకొని కూసున్నది."

"మీ మీద నమ్మకం లేక కాదు బాబూ," అన్నదామె. "ఎవరి చేతిలో పెడుతున్నానో చూసుకుందామని వచ్చాను."

మాటను బట్టే తెలుస్తది, వాళ్లది కోస్తా దిక్కు. మామగారి కాలంల ఉద్యోగానికని ఈడికి వచ్చి, గన్‌ఫౌండ్రీల స్థిరపడ్డ కుటుంబం. కారు వాళ్ల ఆయనది. ముక్కు గుండ్రంగ ఉండే పాత బండి. ఆయన పోయినంక అది కంపౌండుల గుడ్డ కప్పుకొని పడి ఉంటే, ఈమె పోయి డ్రైవింగ్ నేర్చుకున్నదట.

"నేర్పేవాడే నవ్వాడమ్మా, ఈ వయసులో ఎందుకండీ అని. ఎందుకంటే ఏం చెప్తాం? ఆదివారం పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా. అబిడ్స్ దాటి, మొజంజాహీ మార్కెట్ చుట్టూ తిరిగి ఇంటికొచ్చేస్తాను. అంతే నా ప్రయాణం. ఇప్పుడదీ పోయేలా ఉంది."

సంగతి ఏందంటే, పాత బండ్లను ఆర్టీవో కాడికి తీసుకపోయి, ఫిట్‌నెస్ చూపించి, మళ్ల కాగితం తెచ్చుకోవాలె. ఆమె కొడుకు బ్యాంకుల పనిచేస్తడు. అమ్మ ఈ ట్రాఫిక్‌ల బండి నడుపుడు ఆయనకు ఇష్టం లేదు. తల్లీకొడుకులు ఒక మాట అనుకున్నరు. ఈసారి బండి పాస్ అయితే ఆమె నడుపుకోవచ్చు. కాకపోతే స్క్రాప్‌కు ఇచ్చేసుడే, మళ్ల మాట్లాడేది లేదు.

"సరే అన్నానమ్మా నేను కూడా. మాట ఇచ్చాక తప్పుతుందా?"

నేను టవల్ ఇప్పిన. మూత నిండ నల్ల మసి. అలవాటు ప్రకారం మూలకు బ్లేడు మొన పెట్టి గీకిన. మసి కింద వెండి రంగు వచ్చింది. దాని కింద ఆకుపచ్చ. దాని కింద పసుపు. ఇంకా కింద ముదురు ఎరుపు. దాని కింద ఇనుము మెరిసింది. ఒక్క గోరంత జాగల అన్ని రంగులు. నా జన్మల చూడలే.

"ఇనుమే," అని నేను డ్రమ్ము దిక్కు తిరిగిన.

"ఆగమ్మాయ్," అన్నదామె. కళ్లద్దాలు సర్దుకొని వంగింది. గీకిన జాగ మీద వేలు పెట్టింది. "ఈ వెండి రంగు మా మేడ మీద నీళ్ల ట్యాంకుది. ఈ ఆకుపచ్చ... ఇది మా వంటింటి కిటికీ! ఈ ఎరుపు గేటుది. అయ్యో రామ, అన్నీ ఇక్కడే ఉన్నాయి."

"పసుపు?" అన్నది మా వదిన. చేతులు గాసునూనెల ఉన్నా చెవులు మా దిక్కే.

ఆమె చానసేపు చూసింది. "పసుపు గుర్తు రావడం లేదు. మా ఇంట్లో పసుపు రంగు ఎక్కడా వేయించలేదే."

అప్పుడు చెప్పింది అసలు ముచ్చట. వాళ్ల ఆయన దఫ్తర్‌ల కలంపని చేసే మనిషి. కాని ఎండకాలం వచ్చిందంటే ఆదివారం పొద్దుగాల లుంగీ కట్టుకొని బానెట్ లేపేటోడట. తనకు ఇప్పనీకి వచ్చిన సామాన్లన్నీ ఇప్పి, కడిగి, గీకి, ఆ ఏడు ఇంట్ల ఏ రంగు మిగిలితే ఆ రంగు వేసేటోడట. ఈమె స్టీలు పళ్లెంల బోల్టులు పట్టుకొని పక్కన నిలబడేది.

"ఒక్క బోల్టు తక్కువైనా నన్నే అనేవారు. ఇంజనుకి వేరే రంగు ఉంటుందటండీ అంటే, ఇది మన ఇంట్లోది కాదా, దీనికి వేరే ఎందుకు అనేవారు."

నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. కిటికీ రంగు ఇంజన్ వేడికి ఆగుతదా? వేసిన వారంలనే పొంగుతది, మాడుతది.

"మాడేది!" అన్నదామె. "ఏటా ఆ వారం కారంతా మాడు వాసన. మావాడు ముక్కు మూసుకుని స్కూలుకెళ్లేవాడు."

మా ఆయనకు ఈ నవ్వులు పట్టలే. మూతను బోర్లించి చూపెట్టిండు. "అమ్మా, మీదికి చూసి నవ్వుతున్నరు గని ఇది చూడుండ్రి. సారు లోపల సుత రంగు వేసిండు. గా పెచ్చులు ఊడి నూనెల పడుతున్నయి. ఈ అంచు చూడుండ్రి, గీడ సుత వేసిండు. పొర మీద పొర గట్టిపడి అంచు ఎత్తుపల్లాలయ్యింది. సందు మూసే గాస్కెట్ పట్టీ కూసుంటలేదు. సందుల నుంచి నూనె కారి వేడి గొట్టం మీద పడుతున్నది, పొగ లేస్తున్నది. గిట్లనే పెడితే ఆర్టీవో సారు బానెట్ లేపుడుతోటే ఎనక్కి పంపుతడు."

ఇంట్ల రంగు వేసుకునేటోళ్లు చేసే తప్పు ఇదే. ప్రేమ ఎక్కువై ఎక్కడెక్కడ చెయ్యి పోతే అక్కడంత పూస్తరు.

"లోపలిదీ అంచుదీ తీసేసి, పైన మాత్రం ఇలాగే ఉంచలేవా అమ్మాయ్?" అన్నదామె నన్ను చూసి.

నేను మూతను వెలుగుకు పెట్టి, గోరుతోటి తట్టిన. మీది రంగు సుత నూనె తాగి పొక్కులు లేచింది. బోల్టు బిగించంగనే పగులుతది. "తీస్తే మొత్తం తియ్యాలె అమ్మా," అన్న. అబద్ధం చెప్పబుద్ధి కాలే.

"డ్రమ్ములో వేస్తే ఏమవుతుంది?"

"తెల్లారేసరికి ఇనుము మిగుల్తది."

"రంగులు?"

"అన్ని కలిసి బురద అయితయి. మోరీల పోస్త."

ఆమె మూతను మళ్ల టవల్‌ల చుట్టి, మా కడప మీద కూసున్నది. నేను చాయ్ ఇస్తే తాగింది. "రేపు చెప్తాను" అని మూతను ఎత్తుకొనే పోయింది. మా ఆయన నెత్తి పట్టుకున్నడు. బండి ఏమో షెడ్డుల నెత్తి లేకుండ ఉన్నది, ఫిట్‌నెస్ దినం ఏమో దగ్గరికి వస్తున్నది.

తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే వచ్చింది. పాత చీర కట్టుకొని, కొంగు నడుముకు దోపుకొని వచ్చింది.

"డ్రమ్ము వద్దమ్మాయ్. లోపలిది నువ్వు తీసెయ్. అది ఆయన తప్పు, పోనీ. పైది మాత్రం నేను తీస్తాను. నెమ్మదిగా, ఒక్కొక్కటీ చూసుకుంటూ తీస్తాను. ఎలా తీయాలో నేర్పు."

నేను పీట వేసిన. తొట్టిల సబ్బు నీళ్లు పోసి, వాటర్ పేపర్ ముక్క చేతికి ఇచ్చిన. వాటర్ పేపర్ అంటే నీళ్లల్ల తడుపుకుంట రుద్దే గరుకు కాగితం. "అదిమి రుద్దొద్దు అమ్మా. పిల్లగాని ఈపు రుద్దినట్టు రుద్దుండ్రి" అన్న.

లోపలి రంగు నేను రంగు ఊడగొట్టే రిమూవర్ రాసి తీసేసిన, అంచు సాపు చేసిన. నా పని జల్దీనే అయిపోయింది. ఆమె పని నడుస్తనే ఉన్నది. రోజు పొద్దుగాల వచ్చేది, మధ్యాహ్నం ఎండ వాకిట్లకు దిగేదాక రుద్దేది. తొట్టిల నీళ్లు ముందు వెండి రంగు అయినయి. పారబోసి కొత్త నీళ్లు పోస్తే ఆకుపచ్చ అయినయి. మూత మీద పొక్కిన జాగలల్ల రంగులు ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగ తేలినయి, చెట్టును కోస్తే కనపడే గీతల లెక్క. నేను ఇన్నేండ్లు అవన్నీ డ్రమ్ముల ముంచి, మూత పెట్టి, మోరీల పోసిన దాన్ని. ఎన్ని ఇండ్ల గేట్లు పోసిన్నో.

ఆమె రుద్దుకుంట ముచ్చట్లు చెప్పేది. ట్యాంకుకు రంగు వేసిన ఏడు నీళ్లు వారం దినాలు రంగు వాసన వచ్చినయట. మా వదినకు కిటికీ మీద పడ్డది మనసు.

"గా కిటికీల నుంచి ఏం కనపడేది అమ్మా?"

"పక్కింటివాళ్ల గోడ."

"గోడ చూడనీకి గంత మంచి రంగు వేసిండా సారు?"

"గోడ బాగోలేదనే కదా కిటికీకి వేసింది!"

వదిన నవ్వి నవ్వి గాసునూనె డబ్బా తన్నుకున్నది.

మా ఆయన మాత్రం రోజుకు నాలుగుసార్లు షెడ్డు నుంచి వచ్చి తొంగి చూసేటోడు. "అమ్మా, డ్రమ్ముల వేస్తే ఈపాటికి బండి ఇంట్ల ఉండేది" అనేటోడు. "వస్తుంది బాబూ, వస్తుంది" అనేదామె, తల ఎత్తకుండ.

అట్ల చేస్తుంటే చేస్తుంటే తెల్లారితే ఫిట్‌నెస్ అన్నకాడికి వచ్చింది. ఆ దినం పొద్దుగాల ఆమె పసుపు పొర మీద ఉన్నది. అప్పుడు గల్లీల స్కూటర్ ఆగింది. ఇస్త్రీ బట్టలు, మెడల బ్యాంకు కార్డు. ఆమె కొడుకు.

"అమ్మా, ఏమిటిది? రేపు ఫిట్‌నెస్. కారేమో అక్కడ షెడ్డులో విప్పి ఉంది. నువ్వేమో ఇక్కడ పీట మీద..."

"అవుతుంది రా."

"అవదమ్మా. స్క్రాప్ అతనికి ఫోన్ చేశాను. రేపు వస్తానన్నాడు. మనం అనుకున్న మాటే కదా. ఇక పద."

"రేపు పాస్ కాకపోతే కదా మాట? ఇవాళ ఏం తొందర?"

"తొందరా?" ఆయన గొంతు లేచింది. "కారు షెడ్డుకిచ్చే ముందు ఆదివారం అబిడ్స్ సిగ్నల్ దగ్గర బస్సు నీ పక్కనుంచి ఎలా పోయిందో తెలుసా నీకు? జానెడు! అఫ్జల్‌గంజ్ బస్సులు ఎలా వస్తాయో తెలీదా? నా గుండె ఆగిపోయింది."

ఆమె చెయ్యి ఆగింది. "నువ్వెక్కడ చూశావు?"

ఆయన చేతిల స్కూటర్ తాళం అటు ఇటు తిప్పిండు.

"నువ్వెక్కడున్నావురా అప్పుడు?"

"నీ వెనకే," అన్నడు నేల చూసుకుంట. "స్కూటర్ మీద. ప్రతి ఆదివారం వస్తాను."

ఆమె వాటర్ పేపర్‌ను తొట్టిల పడేసి అన్నది, "వెనకాల ఊరికే హారన్ కొట్టేది నువ్వేనా? ఎవడో పోకిరీ వెధవ అనుకుని ప్రతిసారీ తిట్టుకుంటున్నాను కదరా!"

నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పోదామని లేచిన. కొడుకు సుత నవ్వును దాచుకోనీకి మొఖం పక్కకు తిప్పిండు. తిప్పంగనే తొట్టి కనపడ్డది. తొట్టి నిండ పసుపు నీళ్లు.

"ఆ పసుపు ఏమిటి?"

"అదేరా గుర్తు రావడం లేదు. అన్నీ తెలిశాయి గానీ ఇదొక్కటీ తెలీలేదు. మనింట్లో ఎప్పుడూ పసుపు లేదు."

ఆయన స్కూటర్ తాళం జేబుల వేసుకొని, ఇస్త్రీ ప్యాంటు తోటే కింద గొంతుకు కూసున్నడు. మూతను చేతుల్లకు తీసుకున్నడు. బొటనవేలితోటి పసుపును తుడిచిండు, మళ్ల తుడిచిండు.

"నా సైకిల్," అన్నడు.

"ఏ సైకిల్?"

"నా చిన్న సైకిల్ అమ్మా! నీలం బాగోలేదని నేను ఏడిస్తే నాన్న పసుపు తెచ్చారు. నువ్వప్పుడు అమ్మమ్మ దగ్గరికి ఊరెళ్లావు. అంతా వేసి వెనక మడ్‌గార్డ్ మాత్రం వదిలేశారు. రంగు సరిపోలేదు, షాపులో కూడా అయిపోయింది అన్నారు. ఆ సైకిల్ ఉన్నన్నాళ్లూ ఒక్క మడ్‌గార్డ్ నీలంగానే తిరిగాను. స్కూల్లో ఎంత ఏడిపించేవాళ్లో!" మూతను ఎత్తి చూపెట్టిండు, జడ్జి సాబ్‌కు సాక్ష్యం చూపెట్టినట్టు. "ఇదిగో! ఇక్కడ పెట్టారు నా మడ్‌గార్డ్!"

"దొరికిండు దొంగ!" అన్నది మా వదిన.

తల్లి నవ్వుతున్నదా, ఏడుస్తున్నదా నాకు తెల్వలే. కొడుకు సుత అంతే. ఆయన బ్యాంకు కార్డును చొక్కా జేబుల దోపుకొని, చొక్కా చేతులు మీదికి మడిచిండు.

"ఇంకో కాగితం ఉందా అమ్మా?" అని నన్ను అడిగిండు.

"స్క్రాప్ అతను?" అన్నది తల్లి.

"రేపు సాయంత్రం రమ్మన్నాను. ఫిట్‌నెస్ పొద్దున కదా. పాస్ కాకపోతే మాత్రం మాట మాటే."

ఇద్దరు కలిసి పసుపు తీసిన్రు. ఎరుపు సుత తీసిన్రు. ఎండ వాకిట్లకు దిగేసరికి మూత తెల్లగ ఇనుము అయి కూసున్నది. నేను కడిగి, తుడిచి, నా వేడికి ఆగే నల్ల రంగు డబ్బా తెచ్చిన. ఆమె తన బ్యాగుల నుంచి ఒక చిన్న డబ్బా తీసింది. మూత తీస్తే ఆకుపచ్చ.

"ఈ ఏడు వంటింటి కిటికీకి మళ్లీ వేయించాను. ఇది మిగిలింది."

"అమ్మా, వద్దు," అన్న నేను. "ఇన్నేండ్లల నా చేతి కింది నుంచి గసుంటి పని బయటికి పోలే. మాడుతది. వచ్చే ఎండకాలానికి పొక్కులు లేస్తది."

"లేస్తే మళ్లీ వేసుకుంటాం. ఆయన ఏటా వేసింది అందుకే కదా?"

ఏం చెప్పాలె నేను? అద్దం లెక్క చేసి ఇస్తది అని పేరు నాకు. గా పేరు మీద కిటికీ రంగు పుయ్యమంటున్నది. వాళ్లిద్దరి చేతులు చూసిన. గోర్లల్ల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.

"ఒక్కటే షరతు," అన్న. "లోపల చుక్క పడొద్దు. అంచు మీద చుక్క పడొద్దు. మీ ఇంటి రంగు ఎంత ముద్దయినా సరే."

"నీ మాటే," అన్నదామె.

అంచు చుట్టూ కాగితం అంటించి, పల్చగ వేసిన. మా ఇంట్ల ఒక పాత ఇనుప బీరువా ఉండె. అందుల హీటర్ తీగ పెట్టి సామాన్లకు వేడి చూపేది. దాంట్లనే పెట్టి ఆరబెట్టిన. మా ఆయన గౌలిగూడకు పోయి కొత్త కార్క్ గాస్కెట్ తెచ్చి, తెల్లారంగనే మూత బిగించిండు. రంగు చూసి నా మొఖం చూసిండు. "వాసన వస్తది," అన్నడు. "వస్తది," అన్న. ఇద్దరికి ఎరుక.

ఆమె స్టీరింగ్ పట్టుకున్నది. పక్కన మా ఆయన. నన్ను సుత రమ్మని ఎనక కూసోబెట్టింది. మా ఎనక స్కూటర్ మీద కొడుకు, ఊకె హారన్ కొట్టుకుంట. నాంపల్లి రోడ్డు మీద బాగనే ఉండె. అబిడ్స్ దాటేసరికి వాసన మొదలయ్యింది. మా ఆయన తల తిప్పి నన్ను ఎట్ల చూసిండంటే, డ్రమ్ముల పడ్డ గిన్నె లెక్క అయిపోయిన నేను.

ఆమె మాత్రం అద్దం దించలే. గట్టిగ వాసన పీల్చి, "ఎండాకాలం వచ్చేసింది" అన్నది.

ఆర్టీవో కాడ సారు లైట్లు చూసిండు, బ్రేకులు చూసిండు, హారన్ కొట్టమన్నడు. "ఇంజన్ బంద్ చెయ్యకుండ్రి" అని బానెట్ లేపిండు. లేపంగనే ఎనక్కి జరిగిండు.

"ఏందిది? వైరింగ్ కాలుతున్నదా?"

మా ఆయనకు చెమటలు. కాలే వైరింగ్ అంటే బండి పాస్ కాదు. కొడుకు స్కూటర్ కాడనే నిలబడ్డడు. ఈ మాట కోసమే ఎదురుచూడాల్సిన మనిషి, మొఖం మాత్రం తెల్లగ పాలిపోయింది.

ఆమె కారు దిగి వచ్చింది. "వైరింగ్ కాదండీ. మా వంటింటి కిటికీ."

"ఏందీ?"

"కిటికీకి వేయగా మిగిలిన రంగండీ. ఇంజనుకి వేశాం. మొదటి వారం ఇలాగే మాడుతుంది. తర్వాత అలవాటైపోతుంది."

సారు ఆమెను చూసిండు. మా ఆయనను చూసిండు. టార్చి తీసి వైర్లన్నీ ఒక్కొక్కటి పట్టి చూసిండు. మూత అంచు పొంటి వేలు తిప్పిండు. వేలు చూసుకున్నడు. నూనె లేదు. పొగ లేదు. మూత మీద చెయ్యి పెట్టబోయి, వేడికి తీసుకున్నడు.

"వచ్చేసారి ఇంజన్‌కు ఇంజన్ రంగే వేయించుండ్రి అమ్మా."

"వచ్చేసారి కిటికీ కాదులెండి," అన్నదామె. "గేటు వేయించాలి."

సారు నవ్విండో లేదో నాకు కనపడలే, వంగి సంతకం పెడుతున్నడు. కొడుకు ఫోన్ తీసి పక్కకు పోయి, "వద్దు భాయ్, బండి ఉంచుకుంటున్నాం" అన్నది మాత్రం వినపడ్డది.

ఆ తర్వాత వాళ్లు రంగు కోసం మళ్ల నా దగ్గరికి రాలే. కోపం తోటి కాదు. నేర్చుకున్నరు కద, ఇంట్లనే వేసుకుంటున్నరు. కొన్నేండ్లకు నేను సుత పని బంద్ పెట్టిన. కాస్టిక్‌కు చేతుల మీద మచ్చలు పడ్డయి, డాబా మెట్లు ఎక్కుడు అయితలేదు. డ్రమ్ము పాత సామానోడికి పోయింది. బీరువాల మా కోడలు బట్టలు పెట్టుకున్నది. ఎండకాలం వస్తే వాటికి ఇంకా రంగు వాసనే వస్తదని గులుగుతది.

పిల్లలూ, ఇంట్ల రంగు వేసుకునేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మూత లోపల వెయ్యకుండ్రి, అంచు మీద వెయ్యకుండ్రి. వేడికి ఆగే రంగు దొరుకుతది, అదే వేసుకోండ్రి. ఇగ మీదికి కిటికీ రంగు వేస్తామంటే నేనైతే వద్దని చెప్పలేను. చెప్పే హక్కు నాకు ఆ ఆకుపచ్చ మూతతోటే పోయింది.

మొన్న ఎండకాలంల ఆటోల పోతున్న. అబిడ్స్ సిగ్నల్ కాడ ఆగినం. మాడిన రంగు వాసన వచ్చింది. నా ముక్కు మర్చిపోయే వాసన కాదు. పక్కకు చూస్తే ముక్కు గుండ్రంగ ఉన్న ఆ పాత కారు. ఆమె జుట్టు మొత్తం తెల్లగయ్యింది, స్టీరింగ్ మాత్రం తనే పట్టుకున్నది. నా దిక్కు కిటికీ కాడ కొడుకు, మీద పిడి గట్టిగ పట్టుకొని, కళ్లు రోడ్డు మీద పెట్టుకొని కూసున్నడు. ఇప్పుడు ఎనక స్కూటర్ మీద వచ్చుడు బంద్ అన్నట్టు.

పిడి పట్టుకున్న చేతి గోర్లల్ల పసుపు రంగు.

"సారూ!" అని ఆటోల నుంచి తల బయట పెట్టి అరిచిన. "ఈసారి ఏం రంగు?"

ఆయన గుర్తుపట్టిండు. మొఖమంత నవ్వు. "మా పాప సైకిల్‌కి తెచ్చింది!"

ఆకుపచ్చ లైటు పడ్డది. బండ్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టినయి. కారు కదిలింది.

"మడ్‌గార్డ్‌కు మిగిలిందా?" అని అరిచిన.

ఆయన కిటికీల నుంచి తల మొత్తం బయట పెట్టి, చెయ్యి ఊపుకుంట అరిచిండు.

"మిగల్లేదు!"